రెండు సాళ్ల వాన

అక్టోబరు నెల, రెండో బుధవారం. హిందూపురం. ఉదయం పదకొండు గంటలు. ముసురు.

హాజరైనవారు: మా అధికారి. కంప్యూటరు పని చూసే అమ్మాయి. ఒక ఊరిలో వాన లెక్క రాసే అటెండరమ్మ. నేను. టీ తెచ్చిన మనిషి రెండుసార్లు వచ్చి పోయాడు, అతన్ని కూడా లెక్కలో వేశాను.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఆకాశం ఎలా ఉంది, నేనేం తిన్నాను. ఇవన్నీ ఎందుకని మా ఇంట్లో చాలాసార్లు అడిగారు. ఎందుకో నాకూ తెలియదు. ఆ బుధవారం మాత్రం తెలిసింది. అంకెలతో పనిచేసే ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఆ ఒక్కరోజు సంగతి విడిగా రాస్తున్నాను.

మా ఆఫీసు పని వానను, పంటను అంకెల్లోకి ఎక్కించడం. పెనుకొండ కొండ కనిపించేంత దూరంలో ఒక ఊరు ఉంది, దాని పేరు రాయను. ఆ ఊరి ఆఫీసు ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటి నేలలో పాతి ఉంటుంది. పైన గరాటు, లోపల సీసా. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలో పడిన నీటిని గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, పుస్తకంలో రాయాలి. అంతే పని. పదకొండేళ్లుగా ఆ పని అటెండరమ్మదే. భర్త పోయాక కాంట్రాక్టు మీద వచ్చింది. ఎండలు మండే మే నెలలో కూడా వెళ్లి, డబ్బా మూత తీసి, లోపలికి చూసి, సున్నా రాసేది. ఆదివారమైతే సున్నా రాసి చర్చికి పోయేది.

"మబ్బే లేదు గదమ్మా, చూడకుండా రాసేయరాదా?" అని ఒకసారి అడిగాను.

"చూడకుండా రాస్తే అది సున్నా ఎట్లవుతుంది సార్?" అంది.

ఆ సంవత్సరం జూన్‌లో అదే ఆవరణలో, డబ్బాకు పది అడుగుల దూరంలో ఒక యంత్రం వచ్చింది. తెల్లటి స్తంభం, పైన సౌరఫలకం. వాన పడితే తానే కొలిచి తానే హిందూపురానికి అంకె పంపుతుంది. అటెండరమ్మ దాన్ని అనుమానంగా చూసేది గానీ, రోజూ దాని అడుగున చెత్త ఊడ్చేది.

సెప్టెంబరు చివర్లో కంప్యూటరు అమ్మాయి రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టింది. కలవలేదు. కొన్ని రోజులు ఇద్దరిదీ ఒకటే మాట. కొన్ని రోజులు యంత్రం చెప్పిన వానలో ఇంచుమించు సగమే అటెండరమ్మ పుస్తకంలో ఉంది. ఆ అమ్మాయి హిందూపురంలోనే పుట్టి పెరిగింది, తెలుగూ కన్నడమూ ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది, పనిలో మంచి చురుకు. రెండు లెక్కలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం అనే అంకెను కంప్యూటరుతో కట్టించి, "సంబంధం ఉండాల్సినంత గట్టిగా లేదు" అని ఒక్క వాక్యం రాసి పైకి పంపింది. దాని మీద మా అధికారి ఇంకో కాగితం తయారు చేయించాడు. అటెండరమ్మ ఇంట్లో కూర్చొని అంకెలు రాస్తోందని, ఊరిని కరువు జాబితాలో చేర్పించడానికి వాన తగ్గించి చూపుతోందని, కాంట్రాక్టు కొనసాగించనక్కరలేదని దాని సారాంశం. గురువారం ఉదయం పది గంటలకు ఆ కాగితం జిల్లాకు పోవాలి. అంతకుముందు ఒకసారి ఆమెను పిలిచి అడుగుదామని బుధవారం సమావేశం. నా పదవీ విరమణకు ఇంకా మూడు నెలలే ఉంది.

ముందురోజు సాయంత్రం ఇంట్లో కూర్చొని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. నాది పాతకాలపు పద్ధతి. అడ్డంగా యంత్రం చెప్పిన వాన, నిలువుగా ఆమె చెప్పిన వాన. ఒక్కో వాన రోజుకు ఒక్క చుక్క. ఇద్దరూ ఒకే వానను సరిగా కొలిస్తే, ఒకటి పెరిగినప్పుడల్లా రెండోదీ అంతే పెరుగుతుంది, చుక్కలన్నీ ఒక మూల నుంచి ఎదుటి మూలకు సరళరేఖలా పేరుకుంటాయి. ఊహించి రాస్తే చెల్లాచెదురు అవుతాయి. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను చుక్కల పటం అనే అంటాను.

అమ్మాయి నాకిచ్చిన జాబితాలో వానలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పేర్చి ఉన్నాయి. తేదీల వరుస లేదు. ఇరవై ఏడు చుక్కలు పెట్టి చూశాను. ఆకుపచ్చ గళ్ల మీద కొంగల గుంపు లేచినట్టు కనిపించింది. చిన్న వానలన్నీ కింది మూలలో ముద్దగా, పెద్ద వానలు పైన దూరదూరంగా. చెదిరిపోయిందనే అనుకున్నాను. బాధపడ్డాను. కానీ అనుకున్నాను.

బుధవారం పొద్దున అటెండరమ్మ, నేను ఒకే బస్సులో హిందూపురం వెళ్లాం. కిటికీ అద్దం మీద నీటి చుక్కలు వాలుగా జారుతున్నాయి. నాకు కునుకు పట్టింది. ఆ మగతలో, బయట కొర్ర చేల మీద పడుతున్న వానలో సగం నేలకు చేరకుండా నడుమనే ఆగిపోయి, గాలిలో వేలాడుతున్నట్టు కనిపించింది. ఆ సగం వాన ఎక్కడికి పోవాలో తెలియక చేల మీద తచ్చాడుతోంది. మెలకువ వచ్చేసరికి ఆమె పక్కసీటులో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని నిటారుగా కూర్చొని ఉంది.

"నన్ను తీసేస్తారా సార్?" అంది.

"అడుగుతారంతే," అన్నాను. ఏ మొహం పెట్టుకొని అన్నానో డైరీలో రాయలేదు.

మా అధికారి నాకంటే చాలా చిన్నవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఏమమ్మా, సగం వాన నువ్వే తాగినావా?" అన్నాడు.

"నేనా? నేను రోజూ కొలిచినా సార్. ఒక్క పొద్దు కూడా తప్పలేదు. జొరమొచ్చినప్పుడు కూడా గోడ పట్టుకొని పోయినా."

"మరి మిషను అబద్ధం చెప్తాండాదా?"

"దాని సంగతి నాకేం తెలుసు సార్? నేను నా డబ్బా ఒకటే చూస్తాండా."

కంప్యూటరు అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "అంకె అట్ల వచ్చింది అక్కా. నేనేం చేసేది?"

అధికారి నా వైపు తిరిగాడు. "మీరేదో గీసినారంట గదా పెద్దాయనా. ఆమెకు చూపించండి. తనకే అర్థమవుతుంది."

కాగితం ఆమె చేతికిచ్చాను. అడ్డం గీత యంత్రానిదని, నిలువు గీత ఆమెదని, ఒక్కో చుక్క ఒక్కో వాన అని చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. టీ మనిషి వచ్చి గ్లాసులు పెట్టి పోయాడు. కిటికీ అవతల ముసురు సన్నగా, శబ్దం లేకుండా పడుతోంది. ఆ గదిలో అందరం ఏదో నీటి అడుగున కూర్చున్నట్టు ఉంది.

అప్పుడామె ఒక పని చేసింది. కాగితాన్ని కంటి దగ్గరకు ఎత్తి, పలకలా పడుకోబెట్టి, కింది మూలను ముక్కుకు ఆనించినట్టు పట్టుకొని, ఒక కన్ను మూసింది. విత్తనం వేసిన చేను గట్టు మీద నిలబడి సాలు వెంట చూసే రైతు అలాగే చూస్తాడు. కాగితాన్ని కొంచెం అటు తిప్పింది, కొంచెం ఇటు తిప్పింది.

"ఇవి చల్లిన గింజలు కాదు సార్," అంది. "గొర్రుతో వేసినవి."

"ఏమంటాండావమ్మా?"

"శెనక్కాయ విత్తనం చేత్తో చల్లితే యాడంటే ఆడ పడుతుంది. గొర్రుతో వేస్తే సాల్లోనే పడుతుంది. ఇవి సాల్లో ఉండాయి సార్. కాకపోతే రెండు సాళ్లు. ఈడ ఒకటి, ఈడ ఒకటి. మొదలు ఒకటే, పోనుపోను ఎడమైనాయి."

అధికారి నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. లేచి వచ్చి, ఆమె భుజం పక్కన తల పెట్టి, తానూ ఒక కన్ను మూసి చూసింది. "అయ్యయ్యో," అంది మెల్లగా. "సార్, మీరొకసారి చూడండి."

నా వంతు వచ్చింది. ఎదురుగా పెట్టుకొని చూస్తే కొంగల గుంపు. సాలు వెంట చూస్తే రెండు గీతలు, తెరిచిన కత్తెరలా. పై గీతలో ఇద్దరి మాటా ఒకటే. కింది గీతలో ఆమె వాన యంత్రం వానలో సరిగ్గా సగం. కొంచెం అటూ ఇటూ కాదు, ప్రతిసారీ సగమే. రెండు మిల్లీమీటర్లకు ఒకటి, నలభైకి ఇరవై.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో కూర్చొని అబద్ధం రాసే మనిషి ప్రతిసారీ సరిగ్గా సగం రాయలేదు. దానికి అసలు వాన ఎంతో ముందు తెలిసి ఉండాలి. ఆ కింది గీత తప్పే. కానీ అది అంత సూటిగా ఉందంటే, ఎవరో ప్రతి ఉదయం వెళ్లి, నీళ్లు పోసి, గీత దగ్గర కన్ను పెట్టి చూశారన్న మాట. ఆమె నిజాయితీకి సాక్ష్యం ఆ తప్పులోనే ఉంది. ఒక్క అంకెగా కుదిస్తే రెండు మంచి గీతలు కలిసి ఒక బలహీనమైన సంబంధం అయిపోయాయి.

"చుక్కల పక్కన తేదీలు వేద్దాం," అన్నాను.

అమ్మాయి చదివింది, నేను పెన్సిలుతో వేశాను. పై సాలులోవన్నీ జూలై మూడో వారం లోపలివి. కింది సాలులోవన్నీ ఆ తర్వాతివి. ఒక్కటి కూడా అటుది ఇటు రాలేదు.

"జూలైలో ఏం జరిగిందమ్మా?" అని అధికారి అడిగాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"కోతి సార్," అంది ఆమె.

"కోతా?"

"కొండ మీదినుంచి వస్తాయి గదా. గ్లాసు కడిగి గోడ మీద ఆరబెట్టినా. అది తీసుకొని, తాగను పనికిరాదని తెలిసి, కింద ఇసిరేసింది."

"మరి కొత్త గ్లాసు యాడిది?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత చూపు నేల మీదికి దించింది. "వచ్చింది సార్," అంది.

నేను బాత్‌రూమ్ అని చెప్పి వరండాలోకి వచ్చాను. సంచిలో ఆ ఏటి డైరీ ఉంది. ఎక్కడికి పోయినా ఉంటుంది. జూలై పేజీలు తిప్పాను. నా చేతిరాత, నా సిరా:

"ధర్మవరం వెళ్లి వచ్చాను. అక్కడి మిత్రుడి బీరువాలో మిగిలి ఉన్న కొలత గ్లాసు తెచ్చి అటెండరమ్మకు ఇచ్చాను. లావుగా ఉందని ఆమె అంది. కొత్త రకం, అలాగే ఉంటుందని చెప్పాను. ధర్మవరంలో దోసె బాగుంది. చట్నీ ఇంకా బాగుంది."

సర్కారు గ్లాసు పగిలిందని రాస్తే, ఎలా పగిలిందని అడుగుతారు. కోతి అంటే ఎవరూ నమ్మరు. జవాబులు, సంజాయిషీలు, ఆరు నెలలు. అందుకని మా ఆఫీసుల్లో ఇలాంటివి మాలో మేమే సర్దుకుంటాం. ఒక చోట మిగిలింది ఇంకో చోటికి తువ్వాలులో చుట్టుకొని పోతుంది. సాయం చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఆమెకు చెప్పింది కూడా నేనే. ఆమె ఇప్పుడు ఉద్యోగం పోయేటట్టున్నా ఆ మాట మీదే నిలబడింది.

వరండాలో ఎంతసేపు నిలబడ్డానో డైరీలో లేదు. ముసురులో ఎదురుగా ఉన్న చెట్లు తెల్లగా కరిగిపోతున్నాయి. మూడు నెలలు. గదిలోకి వెళ్లి ఏమీ ఎరగనట్టు కూర్చుంటే ఆ మూడు నెలలు నా దారిన నడిచిపోతాయి. ఆమె చెప్పదు. అదే నాకు భరించరానిదిగా తోచింది.

లోపలికి వెళ్లి డైరీ తెరిచి అధికారి ముందు పెట్టాను. వేలు పెట్టి చూపించాను. ఆయన చదివాడు. దోసె దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"గ్లాసు లావుగా ఉండాదని ఆమె చెప్పిందా?"

"చెప్పింది సార్. నేను వినలేదు."

వివరం చెప్పాను. వాన కొలిచే డబ్బాల్లో పెద్ద నోటివి, చిన్న నోటివి రెండు రకాలున్నాయి. పెద్ద నోట్లో నీళ్లు రెండింతలు పడతాయి గనుక దాని గ్లాసు వేరు, గీతలు వేరు. ఆ ఊరిది చిన్న నోటి డబ్బా. నేను తెచ్చింది పెద్ద నోటి గ్లాసు అయి ఉండాలి. దాంతో కొలిస్తే ఏ వాన అయినా సగమే కనిపిస్తుంది. ఇంతకాలం ఈ ఉద్యోగం చేసి, గ్లాసు అడుగున రాసి ఉండే అంకె తిప్పి చూడలేదు.

"ఇన్నేళ్ల సర్వీసు, ఆఖర్లో ఇదా పెద్దాయనా?" అన్నాడు ఆయన. "కోతికైతే మెమో ఇవ్వలేను. మీకే ఇయ్యాల."

"ఇవ్వండి సార్." తర్వాత ఇచ్చాడు కూడా. నా ఉద్యోగంలో అదొక్కటే మెమో. డైరీలో అతికించాను.

"అయితే మాటలతో పని కాదు. రేపు ఎనిమిదిన్నరకు ఆ డబ్బా దగ్గర సరైన గ్లాసుతో ఉండండి. రెండింటితో కొలవండి. వాన లేకుంటే చెంబుతో నీళ్లు పోసి కొలవండి. పది లోపల నాకు ఫోను రావాల. రాకుంటే ఈ కాగితం పోతుంది."

మధ్యాహ్నం రైలుకు ధర్మవరం వెళ్లాను. మిత్రుడు బీరువా తెరిచి, అడుగు అరలోంచి చిన్న గ్లాసు తీశాడు. నేను దాన్ని తలకిందులు చేసి, కళ్లజోడు పైకి నెట్టి, అంకె చదువుతుంటే వింతగా చూశాడు.

"ఏమబ్బా, చీర అంచు చూసినట్టు చూస్తాండావు?"

"పోయినసారి చూడలేదు, అందుకే."

"పోయినసారి నువ్వు గ్లాసు అడిగినావు, నేను గ్లాసు ఇచ్చినా. ఏ గ్లాసని నువ్వూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దోసె తినిపోతావా?"

"వద్దు," అన్నాను. ఆ రోజు డైరీలో తిండి గురించి ఏమీ లేదు. అలాంటి పేజీ నా డైరీల్లో అరుదు.

మర్నాడు, గురువారం ఉదయం, పెనుకొండ కొండ సగం దాకా మబ్బులో ఉంది. కోట గోడలు నేలను వదిలి పైకి తేలిపోయినట్టున్నాయి. రాత్రి వాన పడింది. నేను ఆ ఊరు చేరేసరికి ఎనిమిది దాటి పది నిమిషాలు. ఆమె అప్పటికే డబ్బా పక్కన నిలబడి ఉంది.

"తియ్యమ్మా, చూద్దాం," అన్నాను.

"ఎనిమిదిన్నర కాలేదు సార్," అంది.

ఇరవై నిమిషాలు ఇద్దరం అక్కడే నిలబడ్డాం. గోడ మీద ఒక కోతి వచ్చి కూర్చుంది. చేతిలోని గ్లాసును చొక్కా లోపలికి దాచుకున్నాను. ఆమె నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి అనుకుంటాను.

సరిగ్గా ఎనిమిదిన్నరకు మూత తీసింది. సీసా పైకెత్తి, "ముందు నా దాంట్లో," అని లావు గ్లాసులో పోసింది. మోకాళ్ల మీద కూర్చొని, నీటి మట్టానికి కన్ను ఆనించింది. "ఆరూ పాయింటు రెండు." ఒక్క చుక్క ఒలకకుండా అదే నీటిని చిన్న గ్లాసులోకి వంచింది. మళ్లీ కూర్చుంది. ఈసారి చాలాసేపు లేవలేదు.

"పన్నెండూ పాయింటు నాలుగు సార్," అంది.

అమ్మాయికి ఫోను చేశాను. యంత్రం ఏం పంపిందని అడిగాను. "పన్నెండున్నర సార్," అంది. మీ అంకె ఎంత అని అడిగింది, చెప్పాను. ఆ అంకెను అధికారికి చెప్పడం వినిపించింది. తర్వాత కాగితం చిరిగిన చప్పుడు.

"విన్నారా సార్? ఆయప్పనే చింపినాడు. ఫోను దగ్గర పెట్టి చింపమన్నా."

అటెండరమ్మ ఆ నీళ్లను రోజూ పోసినట్టే ఆవరణలోని కనకాంబరం మొక్కకు పోసింది. పుస్తకం తెరిచి అంకె రాసింది. వెనక పేజీలు తిప్పి, జూలై దగ్గర ఆగింది.

"ఇవన్నీ దిద్దాల్నా సార్?"

"ఒక్కటీ దిద్దవద్దు. నువ్వు చూసింది నువ్వు రాశావు. ఏ రోజు నుంచి ఏ గ్లాసో, ఆ గ్లాసు ఎవరు తెచ్చారో పక్కన నేను రాసి సంతకం పెడతాను."

రాశాను. సంతకం పెట్టాను. తర్వాత సంచిలోంచి గ్రాఫు కాగితం తీసి, ఆ పొద్దుటి చుక్క పెట్టబోయాను. ఆమె చెయ్యి చాపింది.

"ఇట్ల ఇయ్యండి సార్. నా చుక్క నేనే పెడతా."

అడ్డం ఎంతో, నిలువు ఎంతో వేలితో చూపించాను. పెన్సిలు మొన నాలుకకు తాకించి, గళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఒత్తి పెట్టింది. కాగితాన్ని కంటి ఎత్తుకు లేపి, కొండ వైపు చాపి, ఒక కన్ను మూసింది.

"పడింది సార్," అంది. "సాల్లోనే."